మనుషులకు వాడరాదు

బస్సు పూర్తిగా ఆగనే లేదు.

రాహేలమ్మ దూకేసింది!

మోకాలు తారు రోడ్డుకు గీరుకుంది. చీర కుచ్చిళ్ళు చిరిగాయి. చేతిలోని వైరు బుట్ట మాత్రం వదల్లేదు.

"ఏమ్మా, సావాల్నని ఉండాదా నీకు?" కండక్టర్ అరుస్తున్నాడు.

జవాబు చెప్పే టైం లేదు.

వెనక... బస్సుకు ఇరవై గజాల వెనక... తెల్ల క్వాలిస్!

కడప బస్టాండు నుంచి వెంటపడుతోంది అది. చెన్నూరు దగ్గర ఒకసారి కనిపించింది. ఖాజీపేట దగ్గర బస్సును దాటబోయింది. ఎదురుగా లారీ రావడంతో తగ్గింది. ఇప్పుడు మైదుకూరులో బస్సు వెనకే కీచుమని బ్రేకు వేసింది.

డోరు తెరుచుకుంది.

భూపేష్ దిగాడు.

డాక్టర్ తేజేశ్వర్ కారు డ్రైవరు. పేరుకే డ్రైవరు. నర్సింగ్ హోమ్‌లో శవం లేచిన ప్రతిసారీ బంధువుల నోరు మూయించేది వీడే.

"ఏమే ఆయా! బుట్ట ఆడ పెట్టి నీ దావన నువ్వు పో!"

రాహేలమ్మ పరుగు తీసింది.

మే నెల. మధ్యాహ్నం రెండున్నర. ఊరు ఊరంతా తలుపులు వేసుకుని పడుకుంది. రోడ్డు మీద కుక్క కూడా లేదు. అర్ధరాత్రి అయినా ఇంతకంటే ఎక్కువ మనుషులు కనిపిస్తారు. కేక వేస్తే వినేవాడు లేడు.

పసుపు మూటలు వేసిన సందు. మలుపు. ఎడ్లు విప్పిన బండి. దాని కింద దూరింది. అవతల తేలింది.

బుట్టలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఐసు కరిగిపోతోంది. చుక్క నేల మీద పడీ పడకముందే ఆవిరి.

బుట్టలో ఒక ప్లాస్టిక్ కవరు. కవరులో ఐసు. ఐసులో ఒక చిన్న అట్టపెట్టె. పెట్టెలో అయిదు చిన్న గాజు సీసాలు.

ఆ సీసాల కోసమే ఈ వేట.

ఆ సీసాలు ఇవ్వాళ సాయంత్రం ఆరింటికి తన తమ్ముడు ఏసేపు కాల్లోకి పోవాలి.

పోనివ్వదు!

* * *

రాహేలమ్మ పుండ్లు కడిగే ఆయా. కడపలో ఆ నర్సింగ్ హోమ్‌లో మూడేళ్ళుగా అదే పని. చక్కెర జబ్బుతో కాళ్ళు కుళ్ళిన బీదాబిక్కీ అంతా అక్కడికి వస్తారు. ఫీజు లేదు. మందులు ఉచితం. డాక్టరు దేవుడు అంటారు.

దేవుడు ఊరికే ఏదీ ఇవ్వడు. వేలిముద్ర వేయించుకుంటాడు. ఏ కాగితం మీద వేశారో వేసినవాళ్ళకు తెలియదు. తర్వాత పుండుకు ఫోటో తీస్తాడు. సూది వేస్తాడు. మళ్ళీ ఫోటో. ఆ ఫోటోలు పట్టుకుని విమానం ఎక్కి పెద్ద పెద్ద మీటింగులకు పోతాడు. కొత్త వైద్యం కనిపెట్టాడట. బీదవాడి కాలికి విలువ లేదు. బీదవాడి కాలి ఫోటోకు ఉంది!

ఏసేపు ఎర్రగుంట్ల దగ్గర నాపరాయి గనిలో కూలి. కాలి వేలి మీద రాయి పడింది. అయిదు నెలలుగా మానలేదు. తీసుకొచ్చి ఆరో నంబరు బెడ్డులో చేర్చింది ఎవరు?

తనే. రాహేలమ్మే.

నిన్న సాయంత్రం ఆరింటికి నాలుగో బెడ్డు గోపన్నకు సూది వేశారు. ఎనిమిదింటికి చలి మొదలైంది. ఈ మండే ఎండాకాలంలో చలి! పళ్ళు టకటక. మూడు దుప్పట్లు కప్పినా ఆగలేదు. తెల్లారేసరికి చల్లబడిపోయాడు.

ఆ సూదికి పోయిన ముగ్గురిలో మూడోవాడు గోపన్న. అందరికీ అదే వరస. సూది. రెండు గంటలు. చలి. శవం.

బతికింది ఒక్క ముసలామె. చలి మొదలవగానే మనవడు డాక్టరును తోసేసి, ఆటోలో ఎత్తుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాడు. అక్కడ సెలైన్లు ఎక్కించి, వేరే సూదులు వేసి నిలబెట్టారు.

ఈ పొద్దున గోపన్న శవం లేచాక స్టోర్ రూములో భూపేష్ కనిపించాడు. నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో బ్లేడు. ఖాళీ సీసాల మీది కాగితాలు గీకుతున్నాడు.

మందు మంచిదైతే పేరు గీకడం ఎందుకు?

భూపేష్ లేచి పోయేదాకా తలుపు చాటున నిలబడింది.

ఫ్రిజ్‌లో ఒక్క పెట్టె మిగిలి ఉంది. ఎత్తేసింది. ఇది లేకపోతే ఆరింటికి సూది లేదు. కర్నూలులో గని కూలీల కేసులు వాదించే లాయరు ఉన్నాడు. ఆయన చేతిలో పెడితే చాలు. పోలీసుల్ని వెంటబెట్టుకుని వస్తాడు.

కానీ పెట్టె మీద అంతా ఇంగ్లీషు. రాహేలమ్మకు తెలుగు బైబిలు తప్ప ఇంకేదీ చదవడం రాదు.

* * *

"యాడికి పోతావే! ఆ సందులో దూరినావు గదా!" భూపేష్ గొంతు.

దగ్గరే!

రాహేలమ్మ మూల తిరిగింది. ఎదురుగా సగం దించిన షట్టరు. పైన బోర్డు. ఎర్ర ప్లస్ గుర్తు. మందుల ఏజెన్సీ!

వంగి లోపలికి దూరింది.

కౌంటరు వెనక బనియన్‌తో ఒక మనిషి. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. నుదుటి మీద చెరగని గంధం. పెరుగన్నం తింటున్నాడు. పేరు ప్రదీప్‌కుమార్. షాపు యజమాని.

"ఎవురమ్మా? షాపు మూసినాం. నాలుగింటికి రా."

"ఒక్క మాట చదివి చెప్పు శెట్టీ. ఒక్క మాట! నీ బిడ్డలు సల్లగుంటారు."

"ఏందది?"

"ఏదో మందు. ఎండకు చెడిపోతాదని ఐసులో పెట్టి తెచ్చినా..."

"ఒక పూటకు పొడికి ఐసెందుకమ్మా? నీళ్ళు కలిపినాక గదా ఐసు..." అంటూ ఎడమ చెయ్యి చాచాడు.

పెట్టె తీసుకున్నాడు. తిప్పాడు. తినడం ఆగిపోయింది.

"యాడిది ఇది నీకు?"

"ముందు చదువప్పా!"

"రీకాంబినెంట్... హ్యూమన్... గ్రోత్ ఫ్యాక్టర్."

"తెలుగులో చెప్పు."

"కణాలను పెంచే ప్రోటీను. మనిషి ఒంట్లో ఉండేదే. దాన్ని బ్యాక్టీరియా చేత తయారు చేయిస్తారు. ల్యాబుల్లో గాజు పళ్ళేలుంటాయి గదా, వాటిల్లో కణాలు పెంచేదానికి పోస్తారు."

"కింద ఎర్రగా ఏమో రాసుండాదే. అదేంది?"

ప్రదీప్‌కుమార్ పెట్టెను వెలుగులోకి తిప్పాడు.

"ల్యాబు పరిశోధనకు మాత్రమే. మనుషులకు... వాడరాదు."

మనుషులకు వాడరాదు!

మరి గోపన్న ఎవరు? మిగతా ఇద్దరూ ఎవరు? ఆరో బెడ్డులో పైకప్పు చూస్తూ పడుకున్న ఏసేపు ఎవరు? గాజు పళ్ళేలా?

ప్రదీప్‌కుమార్ పెట్టెను కౌంటరు మీద పెట్టాడు.

బయట అడుగుల చప్పుడు. "ఏమప్పా! ఒక ఆడమనిషి ఇట్ల ఉరికినాది, చూసినావా?" భూపేష్ ఎవరినో నిద్ర లేపి అడుగుతున్నాడు.

ప్రదీప్‌కుమార్ ఒక్క ఉరుకులో షట్టరు కిందికి లాగేశాడు. చీకటి. ఒక్క ట్యూబులైటు.

"గమ్మునుండు. ఈడే కూర్చో. లాయరుకు నేను ఫోన్ చేస్తా."

లోపలి గదిలోకి పోయాడు.

రాహేలమ్మ ఊపిరి పీల్చుకుంది. తండ్రీ... దారి చూపించినావు...

మరుక్షణం ఊపిరి ఆగిపోయింది.

పొడికి ఐసెందుకు... అన్నాడు కదా?

అప్పటికి పెట్టె ఇంకా బుట్టలోనే ఉంది! లోపల ఉన్నది పొడి అని ఎలా తెలుసు?

లాయరుకు ఫోన్ చేస్తానన్నాడు. ఏ లాయరు? తను చెప్పనే లేదే! డాక్టరు ముందే ఫోన్ చేసి చెప్పుంటాడు!

మూలకు చూసింది. కొత్తగా దిగిన అట్టపెట్టెలు. ప్రతిదాని మీదా పసుపు పూసి, మధ్యన కుంకుమ బొట్టు. శెట్ల కొట్లలో మామూలే. సరుకు దిగితే ఇంటి ఇల్లాలు బొట్టు పెట్టనిదే కొట్టులోకి ఎక్కదు.

కౌంటరు మీది తన పెట్టెను అందుకుంది. ఐసుకు నానిపోయింది. అట్ట అడుగున పసుపు కరిగి ఆమె వేళ్ళకు అంటుకుంది. మధ్యన చెదిరిన కుంకుమ!

గోడ పక్కన ఫ్రిజ్. చప్పుడు కాకుండా తెరిచింది.

ఒకటి కాదు... పది కాదు... రెండు అరల నిండా అవే పెట్టెలు! అన్నింటికీ బొట్లు!

ఎంత పిచ్చిది తను! ఒక్క పెట్టె దాచి తమ్ముణ్ణి కాపాడాననుకుంది.

లోపలి నుంచి గుసగుస వినిపిస్తోంది. "...అవును సార్. నా షాపులోనే ఉండాది. భూపేష్‌ను షట్టరు కాడికి రమ్మనండి..."

"ఫ్రిజ్ మూయమ్మా," వెనక నుంచి ప్రదీప్‌కుమార్ గొంతు. "కరెంటు వృథా అయితాది."

తిరిగింది.

వాడి చేతిలో పిస్తోలు!

* * *

"నేనెవురినీ సంపలేదు." ప్రదీప్‌కుమార్ గురి దించలేదు. "బెంగుళూరులో ఏదో ల్యాబు తేదీ దాటినాదని పారేస్తాంటే తెచ్చినా. డాక్టరు అడిగినాడు, ఇచ్చినా. సూది వేసింది నేను కాదు."

"తుపాకీ పట్టింది గూడా నువ్వు కాదా శెట్టీ?"

"నోరు మూయ్!"

"మూస్తా. మూసేదానికే గదా అందరూ ఉండేది. నా తమ్మునికి ఆరింటికి సూది. అది ఆపు. తర్వాత కాలుస్తావో, పూడుస్తావో నీ ఇష్టం."

"నా చేతిలో ఏముండాది?"

"ఫోనుండాది!"

వాడు నోరు తెరిచాడు.

అప్పుడే ఇంట్లో నుంచి కేక. ముసలి గొంతు.

"ఒరే ప్రదీపూ... ఆ ఫ్యాను నిలిపేయ్‌రా నాయనా... చలి!"

రాహేలమ్మ గొంతు వచ్చిన వైపు తిరిగింది.

బయట రాళ్ళు పగిలే ఎండ. లోపల... చలి?

తెర పక్కకు జరిగింది. ప్రదీప్‌కుమార్ తల్లి సుబ్బరత్నమ్మ. డెబ్బై ఏళ్ళు. తల నుంచి కాళ్ళ దాకా కంబళి చుట్టుకుంది. గోడ పట్టుకుని కుంటుతూ వచ్చింది. కుడి పాదానికి కట్టు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

ఆ చప్పుడు రాహేలమ్మకు తెలుసు. ముగ్గురి మంచాల పక్కన విన్నది.

"ఎవుర్రా ఈ పాప? మంచినీళ్ళన్నా ఇచ్చినావా? ...ఏందిరా అది, మీ నాయన పిస్తోలు నీ చేతిలో!"

"నువ్వు లోపలికి పోమ్మా!"

రాహేలమ్మ పిస్తోలును లెక్కచేయలేదు. నేరుగా ముసలామె దగ్గరికి పోయింది. నుదురు పట్టుకుంది. కాలిపోతోంది. నాడి చూసింది. గుర్రంలా ఉరుకుతోంది.

"అవ్వా, సూది ఎప్పుడు వేపించుకున్న్యావు?"

"పన్నెండున్నరప్పుడు. పక్క వీధి ఆరెంపీ డాక్టరు వేసిపోయినాడు."

"ఏం సూదిమ్మా?" ప్రదీప్‌కుమార్ ఒక్క అడుగు ముందుకు వేశాడు. "ఏం సూది?"

"నువ్వే గదరా ఫోన్లో చెప్తాంటివి, కాలి పుండ్లకు కొత్త మందు దిగినాదని. ఫ్రిజ్‌లో నుంచి ఒకటి తీసుకున్న్యా."

"ఎందుకమ్మా? ఎందుకు తీసుకున్న్యావు?"

"ఎందుకేందిరా? మన ఇంట్లో వాడంది ఊరికి అమ్మగూడదని మీ నాయన సచ్చేదాకా చెప్పలా? కొత్త బెల్లమైనా, కొత్త శెనిగనూనైనా ముందు మన నోట్లో పడినాకే తూకానికి ఎక్కాల. నువ్వు మందులమ్ముతాండావు. నాకేమో పుండు ఉండనే ఉండాది..."

మాట పూర్తి కాలేదు. మోకాళ్ళు మడతపడ్డాయి. రాహేలమ్మ పట్టుకుని నేల మీద పడుకోబెట్టింది.

కిరాణా కొట్టు తండ్రి చచ్చిపోతూ ఒక్క మాట ఇచ్చిపోయాడు. కొడుకు కొట్టు ఉంచుకున్నాడు. మాట వదిలేశాడు. తల్లి వదల్లేదు!

పిస్తోలు కిందికి వాలింది.

"బతుకుతాదా?"

"ఒక్కరు బతికినారు. చలి మొదలైన గంటలో పెద్దాసుపత్రిలో పడితే బతుకుతారు. అక్కడికి పోయేదాకా ఎట్ల నిలబెట్టాల్నో నేను చూస్తా." ముసలామె కాళ్ళ కింద ఒక అట్టపెట్టె పెట్టి ఎత్తు చేసింది. "కానీ ముందు ఫోన్. ఏసేపుకు సూది ఆపమను. నాకు వినపడాల."

ప్రదీప్‌కుమార్ నంబరు నొక్కాడు. స్పీకరు పెట్టాడు.

"సార్... ఆరో బెడ్డుకు వేయొద్దండి! ఆపండి!"

"ఆపడమేంది?" డాక్టర్ తేజేశ్వర్ గొంతు. నిమ్మళంగా ఉంది. "ఆయమ్మ పారిపోయిందని తెలియగానే వేసేసినా. రెండు గంటలకే. నా రూములో రెండు సీసాలున్నాయిలే. వాడు ఆమెకు తమ్ముడంట కదా! రేపు సాక్ష్యం చెప్పేది వాడే. మనిషుంటే గదా కేసు?"

రాహేలమ్మ తల ఎత్తింది.

గోడ గడియారం. మూడూ పది.

రెండు గంటలకు సూది. నాలుగింటికి చలి. ఇంకా... యాభై నిమిషాలు!

"సార్... మా అమ్మ గూడా వేసుకుంది సార్. చలి మొదలైంది. ఏం చేయాల సార్?"

ప్రదీప్‌కుమార్ ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"సార్? ...సార్!"

కట్!

అయిదు క్షణాలు గడిచాయి.

షట్టరు అవతల సెల్‌ఫోను మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఆ సార్..." భూపేష్ గొంతు. రేకు అవతలే నిలబడి ఉన్నాడు! "షాపు ముందరే ఉండా సార్... ఆ... ముగ్గురా?"

చెప్పుల చప్పుడు రేకు దగ్గరికి వచ్చింది.

"శెట్టిగూడానా? ...సరే సార్."

ప్రదీప్‌కుమార్ షట్టరు నుంచి వెనక్కి జరిగాడు. రెండేళ్ళుగా సరుకు పంపాడు. పండగలకు స్వీటు డబ్బాలు పంపాడు. ఒక్క నిమిషంలో తనూ వేలిముద్రగాళ్ళ పక్కన చేరిపోయాడు!

రాహేలమ్మ వాడి చెవి దగ్గర గుసగుసగా అడిగింది. "కారు తోలను వస్తాదా నీకు?"

"రాదు. స్కూటరే..."

"అయితే వాడు బతకాల."

"ఏంది?"

కిర్ర్ర్... షట్టరు లేస్తోంది. ముందు చెప్పులు. తర్వాత మోకాళ్ళు. తర్వాత చేతిలో జాకీ రాడ్డు.

"కాల్చు!" అంది రాహేలమ్మ.

ప్రదీప్‌కుమార్ పిస్తోలు ఎత్తాడు. చెయ్యి ఎండుటాకులా వణుకుతోంది. వేలు కదలడం లేదు. జీవితంలో తక్కెడ తప్ప ఏదీ ఎత్తని చెయ్యి.

భూపేష్ నవ్వాడు. "ఏం శెట్టీ, బొమ్మ పిస్తోలా? ఇట్లియ్యి, ఆడుకుందాం."

రాడ్డు పైకి లేచింది!

రాహేలమ్మ ప్రదీప్‌కుమార్ మణికట్టు పట్టుకుంది. మూడేళ్ళుగా ఇలా వణికే చేతులు ఎన్ని పట్టుకుందో! కదలనివ్వలేదు. భూపేష్ గుండెకు గురిపెట్టి ఉన్న గొట్టాన్ని కిందికి వంచింది. ఇంకా కిందికి. ప్రదీప్‌కుమార్ వేలి మీద తన వేలు వేసింది.

నొక్కింది.

ఢాం!!!

రాడ్డు ఎగిరి పడింది. భూపేష్ నేల మీద పొర్లుతున్నాడు. ఎడమ పిక్క కండ చీలిపోయి రక్తం.

"అమ్మా! సచ్చినా! అమ్మా!"

"సావలేదులే. కండకే తగిలినాది."

షాపులోని కట్టు గుడ్డ తీసింది. నాలుగు చుట్లు. బిగించింది. రక్తం ఆగింది. లేచి ఫ్రిజ్ తెరిచింది. ఒక సీసా. కౌంటరు మీది కొత్త సిరంజి. డిస్టిల్డ్ వాటరు. పొడి కరిగింది. సూదిలోకి ఎక్కింది. అంతా పది క్షణాలు.

సూది మొనను భూపేష్ పిక్క దగ్గర పెట్టింది.

"పుండ్లు మాన్పే మందు. మీ సార్ కనిపెట్టింది. నీకూ ఉచితమే!"

భూపేష్ కళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. బ్లేడుతో కాగితాలు గీకినవాడు. వాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"వద్దక్కా! నీ కాళ్ళు మొక్కుతా! అది మనుషులకు ఎక్కించేది కాదక్కా!"

"ఇప్పుడు అక్కనయినానా? లెయ్. బండి తోలు."

"కాలు పోయింది! క్లచ్చు ఎట్ల తొక్కాల?"

"నొప్పితో తొక్కు. ముందు నర్సింగ్ హోమ్. నా తమ్ముణ్ణి బండిలో ఎక్కించాల. ఆడి నుంచి పెద్దాసుపత్రి. దావలో యాడ బండి ఆపినా ఈ సూది దిగుతాది."

ప్రదీప్‌కుమార్ తల్లిని ఎత్తుకుని, షాపు ముందు ఆపిన క్వాలిస్ వెనక సీటులో పడుకోబెట్టాడు. ఏడుస్తున్నాడు. రాహేలమ్మ వాడి వైపు చూడలేదు. ఫ్రిజ్‌లోని పెట్టెలన్నీ బుట్టలోకి తోసింది. షట్టరు దించకుండానే కారెక్కింది.

క్వాలిస్ కడప వైపు తిరిగింది.

మూడూ ఇరవై.

ఎనభై... తొంభై... భూపేష్ గేరు మార్చిన ప్రతిసారీ కేక పెడుతున్నాడు. రాహేలమ్మ ముందు సీటులో వాడి వైపు తిరిగి కూర్చుంది. సూది వాడి పిక్క మీదే ఉంది. వెనక సీటులో పళ్ళ టకటక. ఖాజీపేట వెనక్కి పోయింది.

మూడూ ముప్పై అయిదు.

భూపేష్ జేబులో సెల్ మోగింది!

రాహేలమ్మ రెండో చేత్తో లాగింది. పచ్చ బటను నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏరా," డాక్టర్ తేజేశ్వర్. "అయిపోయిందా?"

"ఇంగా కాలేదు సార్," అంది రాహేలమ్మ. "వస్తాండాం."